మా బావ కొన్న అప్‌గ్రేడ్ పెట్టె

పోయిన నెలలో మా అమ్మాయి వాడే కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే, షోలాపూర్ హోట్గి రోడ్‌లో తెలిసినవాళ్ల దుకాణం ఉందని నేనే దాన్ని సంచిలో పెట్టుకుని తీసుకువెళ్లాను. దుకాణదారు మర్యాదస్తుడు. మూత విప్పి లోపల చూసి, ఇది ఇక బాగుపడదు, కొత్తది తీసుకోవడమే మేలు అన్నాడు. మాటల మధ్యలో, పాతదాంట్లో వేయించుకున్న అప్‌గ్రేడ్ కొత్తదాంట్లోకి రాదనీ, దాని లైసెన్సు ఆ యంత్రంతోనే ముగిసిపోయినట్టనీ మామూలుగా చెప్పాడు. రోజూ ఎంతోమందికి చెప్పే మాటే అయివుంటుంది. నేను మాత్రం అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆయన కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు, షుగరు ఉందా అని అడిగాడు. లేదని చెప్పి, కాసేపటికి లేచి, బస్సెక్కి ఊరి బయట కుంభారిలోని ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా మా బావే గుర్తొస్తూ ఉన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన బతుకును పాడుచేసింది అచ్చంగా ఈ మాటే. కాకపోతే ఆ రోజుల్లో దాన్ని మాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు.

నా ఈడువాళ్లకు అశోక్ చౌక్ వెనక సందులు ఎట్లా ఉండేవో చెప్పనక్కర్లేదు. తెల్లవారింది మొదలు మరమగ్గాల చప్పుడు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే, అందుకే మా వాళ్లందరివీ ఇప్పటికీ పెద్ద గొంతులే. మగవాళ్లు కార్ఖానాల్లో ఉంటే, ఆడవాళ్లు గడపల్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. మా తాత తెలంగాణ నుంచి మగ్గం పనికోసం షోలాపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన తెచ్చిన యాస ఇంట్లో అట్లాగే మిగిలింది, వీధిలో మరాఠీ, కార్ఖానాలో హిందీ, అన్నీ కలిసి మాకు ఒకే భాష అయిపోయాయి. మా నాయిన నేసేవాడు, మా అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుట్టేది. నేను చిన్నదాన్నిగా ఉండగానే అక్క పెళ్లి అయింది. అక్కావాళ్ల ఇల్లు మా ఇంటికి ఎదురుగానే ఉండేది కాబట్టి నేను పెరిగింది సగం బావ దగ్గరే.

బావ ఒక బట్టల మిల్లులో నక్షా విభాగంలో పనిచేసేవాడు. షోలాపూర్ చాదర్, అంటే దుప్పటి, మీద నెమలి గానీ, పువ్వు గానీ ఊరికే రాదు. ముందు దాన్ని గడుల కాగితం మీద ఒక్కొక్క గడి నింపుతూ గీయాలి. ఆ కాగితాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలను బట్టి జకార్డు మగ్గం నేస్తుంది. గడులు నింపే పని బావది. మా సందుల్లో ఒకరి నక్షాను ఇంకొకరు ఎత్తుకుపోవడం మామూలే. ఈరోజు ఒక కార్ఖానాలో కొత్త పువ్వు వస్తే, రేపటికి దాన్ని పక్క కార్ఖానాలో చూడవచ్చు. దానికి ఎవరూ సిగ్గుపడేవాళ్లు కాదు. బావకు మాత్రం అది గిట్టేది కాదు. ఎవరైనా ఒక చాదర్ తెచ్చి, అచ్చం ఇట్లాంటిదే గీసివ్వమంటే, దాన్ని గీసినవాడి దగ్గరికే పొమ్మని చెప్పి పంపేసేవాడు. ఆయనకు పొగరని కొందరనేవాళ్లు. నేనూ చిన్నప్పుడు పొగరే అనుకున్నాను.

మిల్లు మూతపడిన సంవత్సరం మా పేటలో పండుగలన్నీ చప్పగా సాగాయి. నేనప్పటికి డిగ్రీ ముగించి, కంప్యూటర్ కోర్సు కూడా చేశాను. మా సందులో ఆడపిల్ల కంప్యూటర్ నేర్చుకోవడం అదే మొదలు. బావ కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని, ఒకరోజు నన్ను పిలిచి, గడుల కాగితం మీద చేసే పనిని కంప్యూటర్ మీద చేయవచ్చునట కదా అని అడిగాడు. చేయవచ్చునన్నాను. అట్లా అక్కావాళ్ల ముందుగది మా దుకాణమైంది. మిల్లు నుంచి వచ్చిన సొమ్ముతో బావ పుణెలో ఒక ఆఫీసువాళ్లు అమ్ముతున్న పాత కంప్యూటర్‌ను కొన్నాడు. దాన్ని నడిపించే అసలు ప్రోగ్రాం, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, దాంతోపాటే వచ్చింది. తెల్లటి పెట్టె, లావుపాటి తెర. పోచమ్మకు చెప్పుకుని, దానికి కుంకుమ పెట్టి, బావ మొదట గీసిన బొమ్మ ఒక మామిడిపిందె. తెర మీద ఆ వంపు చూసి అక్క నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అక్క ఆ తర్వాత అట్లా నవ్వడం నేను చూడలేదు.

పని బాగానే సాగింది. కార్ఖానాదార్లు మొదట అనుమానంగా వచ్చినా, ఒక్క పువ్వు రంగు మార్చాలంటే కాగితం మొత్తం మళ్లీ గీయనక్కర్లేదని తెలిశాక వాళ్లే వెతుక్కుంటూ రాసాగారు. ఇంతలో ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త రకం వచ్చింది. పాతది ఉన్నవాళ్లు మొత్తం మళ్లీ కొననక్కర్లేదు, తక్కువ ధరకు అప్‌గ్రేడ్ ఇస్తారు. మా పేటలో కంప్యూటర్లున్న నలుగురైదుగురూ ఎక్కడినుంచో ఫ్లాపీలు తెచ్చి నకలు వేసుకున్నారు. బావ ఒక్కడే పుణె వెళ్లి, సీలు వేసిన పెట్టె కొనుక్కుని వచ్చాడు. బస్సు దిగి, ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకుని సందులోకి నడిచి వస్తుంటే, ఆడవాళ్లు బీడీలు చుట్టడం ఆపి ఏం తెచ్చినవని అడిగారు. ఆయన చెప్పింది వాళ్లకు అర్థం కాలేదు, అయినా ఆయన సంతోషం అర్థమైంది.

ఆ మరుసటి వానాకాలంలో మా పేటలో కరెంటు పిచ్చెత్తినట్టు ఎక్కువ తక్కువలయ్యేది. ఒక మధ్యాహ్నం కంప్యూటర్‌లో చిటుక్కుమని చప్పుడై, కాలిన వాసన వచ్చి, అంతటితో అది చచ్చిపోయింది. మరమ్మతు చేసేవాడు లోపలిదంతా కాలిపోయిందన్నాడు. కార్ఖానాల పనులు చేతిలో ఉన్నాయి, ఆగడానికి లేదు. బావ ఇంకో కంప్యూటర్ విడి భాగాలతో కట్టించి తెచ్చాడు. కాలిపోయినదాన్ని పాత ఇనుము కొనేవాడికి వేశాడు. కొత్తదాంట్లో ఏమీ లేదు, ఉత్త డబ్బా. బావ తన అప్‌గ్రేడ్ ఫ్లాపీలను దాంట్లో ఎక్కించడం మొదలుపెట్టాడు. మధ్యలో అది ఆగి, నీ దగ్గర పాతది ఉన్నట్టు రుజువు చూపమని అడిగింది. పాత కంప్యూటర్‌తో వచ్చిన ఫ్లాపీల్లో మొదటిదాన్ని బావ లోపల పెట్టాడు. అది ఒప్పుకుని ముందుకు సాగింది. యంత్రమే ఒప్పుకున్నాక మాకింకేం అనుమానం ఉంటుంది? పాత ఇల్లు కూలితే సామాను కొత్త ఇంట్లోకి తెచ్చుకున్నట్టే అనుకున్నాము.

ఆ తర్వాత కొన్ని నెలలకు వచ్చింది ఆ రోజు. పొద్దున పది గంటలవుతుందేమో, పక్క సందులో కంప్యూటర్ క్లాసులు నడిపే బావ స్నేహితుడు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

“షట్టర్ దించు! కంపెనీ వకీలు పోలీసులను తీస్కొని వస్తున్నడు. జల్దీ, ఫ్లాపీలన్ని దాచిపెట్టు.”

బావ కుర్చీలోంచి లేవలేదు. “మనకేంది? బిల్లున్నది, పెట్టె ఉన్నది. రానియ్యి.”

“అరే, వాళ్లు అవన్ని చూస్తరా? నా మాటిను.”

“దొంగోనికి షట్టర్ కావాలె. నాకెందుకు?”

ఆ స్నేహితుడు తల కొట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పూట మా పేటలో కంప్యూటర్లున్న ప్రతి దుకాణం మూసే ఉంది, మాది తప్ప. ఆ ప్రోగ్రాం అమ్మే కంపెనీ తరఫున దొంగ నకళ్లు పట్టే వకీలు, ఇద్దరు పోలీసులు, కంప్యూటర్ తెలిసిన ఇంకొక మనిషి వచ్చారు. బావ వాళ్లకు కుర్చీలు వేసి, లోపలికి తొంగిచూసి అక్కను చాయ్ పెట్టమన్నాడు. వాళ్లు అడగకముందే బీరువా తీసి, పెట్టె, బిల్లు బల్ల మీద పెట్టాడు. వకీలు పెట్టెను అటూ ఇటూ తిప్పి, దాని మీది అప్‌గ్రేడ్ అన్న మాట చూసి, మరాఠీలో ఒక్క ప్రశ్న అడిగాడు. “జునా కంప్యూటర్ కుఠాయ్?” పాత కంప్యూటర్ ఎక్కడుంది అని.

బావ జరిగిందంతా దాచకుండా చెప్పాడు. అబద్ధం చెప్పడం వచ్చిన మనిషైతే, ఇది పాతదేనని, లోపలి భాగాలు మార్చామని చెప్పి బయటపడేవాడేమో. వకీలు విని, నెమ్మదిగానే వివరించాడు. పాత ప్రోగ్రాం ఆ పాత యంత్రంతో వచ్చింది, దాని హక్కు ఆ యంత్రానిదే. యంత్రం పోతే హక్కూ పోయింది. అప్‌గ్రేడ్ ఆ హక్కు మీద నిలబడేది, కాబట్టి ఈ కొత్త యంత్రం మీద అది చెల్లదు. ఇదంతా పెట్టెలోని కాగితంలో ఉందట. ఆ సన్నటి ఇంగ్లీషు అక్షరాలను నేను గానీ, బావ గానీ చదివినవాళ్లం కాదు. అప్పట్లో దాన్ని చదివినవాళ్లు ఎవరున్నారో నాకు తెలియదు.

బావ చేతులు జోడించలేదు, గొంతు పెంచలేదు. “సాబ్, ఒక్కటి కొన్న, ఒక్కటే చోట వాడుతున్న. రెండు చోట్ల వాడితే కదా దొంగతనం?” అన్నాడు. అది కోర్టులో చెప్పుకొమ్మన్నాడు వకీలు. కంప్యూటర్‌కు గుడ్డ చుట్టి, లక్క సీలు వేసి, జీపులో పెట్టి, దాని పక్కనే బావను కూర్చోబెట్టారు. అక్క చేసిన చాయ్ ఎవరూ తాగలేదు. గడపల్లో ఆడవాళ్లందరూ చాటలు పక్కన పెట్టి నిలబడి చూశారు. పుణె నుంచి పెట్టె తెచ్చిన రోజు పలకరించినవాళ్లు ఆ రోజు ఏమీ అడగలేదు.

మర్నాడు జామీను మీద ఇంటికి వచ్చాడు. యంత్రం మాత్రం రాలేదు. పెళ్లిళ్ల కాలానికి ఒక కార్ఖానాదారు చెప్పిన చాదర్ల నక్షాలన్నీ దాంట్లోనే ఉండిపోయాయి. ఆయన మగ్గాలు ఖాళీగా నిలబడ్డాయి. ఆయన మా గడపలో నిలబడి తిట్టిన తిట్లు ఇప్పుడు రాయలేను. బావ అటక మీద నుంచి పాత గడుల కాగితాలు దించి, మిల్లులో చేసినట్టే చేత్తో గీయడానికి కూర్చున్నాడు. అన్నం దగ్గరికి పిలిచినా లేచేవాడు కాదు. అయితే మిల్లు నాటి కళ్లు కావు అవి, మిల్లు నాటి చెయ్యీ కాదు. ఒక నెమలి సగంలో ఉండగానే కార్ఖానాదారు ఇంకొకరిచేత నక్షా చేయించుకున్నాడని తెలిసింది. అది చేసింది, షట్టర్ దించుకున్నవాళ్లలో ఒకడు.

కొన్నాళ్లకు ఒక మధ్యవర్తి వచ్చాడు. బావ కొంత దండుగ కట్టి, తాను దొంగతనంగా వాడానని, క్షమించమని రాసిస్తే, దాన్ని పేపర్లో అచ్చువేయించి, కేసు మాఫీ చేయించి, యంత్రం ఇప్పిస్తారట. అందరూ చేసేది అదేనట. దండుగ సంగతి తాను చూసుకుంటానంది అక్క. ఆ సాయంత్రం వాళ్లిద్దరి మధ్య జరిగిన మాటలు నేను అక్కడే ఉండి విన్నాను.

“రాసియ్యరాదు. నీ చెయ్యేమన్న అరుగుతదా? నాలుగు అక్షరాలే కదా,” అంది అక్క.

“ఏమని రాయాలె? దొంగతనం చేసిన అని రాయాల్నా?”

“అందరు అంటనే ఉన్నరు. నువ్వు రాస్తే కొత్తగ ఏం పోతది?”

“అందరు అంటే అననియ్యి. నేను అనుడు వేరే.”

“ఈ పిల్లల మొకం జూసన్న రాయి. నీ కాళ్లు మొక్కుత.”

బావ నావైపు తిరిగి, “నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్పు పిల్లా. నేను దొంగనా?” అని అడిగాడు. కాదు బావా అన్నాను. ఇంకేమనగలను? అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వెన్నులో గుచ్చుకుంటూనే ఉంది. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మర్నాడు మధ్యవర్తికి బావ కుదరదని చెప్పి పంపించాడు.

ఎవరు చేసింది సరైనది? ఈ వయసులో కూడా నేను తేల్చుకోలేకపోతున్నాను. బావను తలచుకుంటే ఆయనదే సరి అనిపిస్తుంది. అక్క చేతులు గుర్తొస్తే, ఆ పొగాకు ఘాటు, ఆకు కత్తిరించీ కత్తిరించీ కాయలు కాసిన ఆ బొటనవేలు గుర్తొస్తే, నాలుగు అక్షరాలు రాసి పారేయాల్సింది అనిపిస్తుంది.

దుకాణం గది మళ్లీ వట్టి గది అయింది. నేను ఒక ఆసుపత్రిలో బిల్లులు టైపు చేసే పనిలో చేరాను. అక్క మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. బావ ఊరి చివర నూలుకు గంజి పెట్టే కార్ఖానాలో కుదిరాడు. ఆవిరి, తడి, నూలు దుమ్ము. నక్షాలు గీసిన మనిషి గంజి డబ్బాలు మోశాడు. సందులో పిల్లలు మా అక్కావాళ్ల ఇంటికి ఒక పేరు పెట్టారు, “కంప్యూటర్ చోరోళ్ల ఇల్లు” అని. చిరునామా అడిగినవాళ్లకు కూడా అట్లాగే చెప్పేవాళ్లు, చెడ్డ ఉద్దేశం లేకుండానే. అక్క కొడుకు ఒకరోజు ఆ మాట అన్న పిల్లవాణ్ని కొట్టి వస్తే, బావ తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు.

వాయిదాలు మాత్రం వస్తూనే ఉండేవి. వాయిదా రోజున బావ తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, ఆ పెట్టెను గుడ్డసంచిలో పెట్టుకుని కోర్టుకు వెళ్లేవాడు. సెలవు దొరికినప్పుడు నేనూ వెంట వెళ్లేదాన్ని. వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడితే, పేరు పిలిచి, ఇంకో తారీఖు చెప్పి పంపేవాళ్లు. ఒకసారి కంపెనీ తరఫు వకీలు రాలేదు, ఒకసారి సాక్షి రాలేదు, ఇంకోసారి న్యాయమూర్తి బదిలీ అయ్యారు. ఆ సంచిలో ఏముందని బావను అడిగిన మనిషి లేడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ దగ్గుతూ ఉండేవాడు. మొదట్లో దారి ధూళి వల్ల అనుకున్నాము. తర్వాత డాక్టరు చెప్పాడు, ఊపిరితిత్తులు పాడైపోయాయని. అప్పటికి ఆలస్యమైపోయింది.

చివరి నెలల్లో ఆయన నాతో కంప్యూటర్ మాట ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, జడ్జి సాబ్ తీర్పు చెప్పేనాటికి తాను లేకపోతే, తీర్పు ఏమొచ్చిందో అక్కకు చదివి వినిపించమన్నాడు. అట్లాగే అన్నాను. ఆ వానాకాలంలోనే పోయాడు. అప్పటికి చుట్టుపక్కల కార్ఖానాలు కొన్ని మూతపడ్డాయి, పాడె మోసుకుపోయేటప్పుడు సందు ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది.

చదివి వినిపించడానికి తీర్పు రాలేదు. ముద్దాయి చనిపోయినందున కేసు మూసివేస్తున్నామని, అంతే. దోషి అనీ అనలేదు, నిర్దోషి అనీ అనలేదు. ఆ మనిషి అన్నేళ్లూ ఎదురుచూసింది ఒక్క మాట కోసం. ఆ మాట రావడానికి ఆయన బతికి ఉండాలట.

యంత్రాన్ని తీసుకుపొమ్మని కబురు వస్తే, అక్క వద్దంటుందనుకున్నాను. చెప్పగానే చీర మార్చుకుని బయలుదేరింది. కోర్టు సామాను గదిలో, విరిగిన సైకిళ్ల మధ్య, తుప్పుపట్టిన చాకుల మధ్య ఉంది అది, గుడ్డ చిరిగి, ఎలుకలు కొరికి. రిక్షాలో అక్క దాన్ని కింద పెట్టనివ్వలేదు, ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది. ఇంటికి వచ్చాక కొంగుతో తుడిచి, “ఒక్కసారి పెట్టు చెల్లె. ఆయన గీసిన బొమ్మలు జూస్త,” అంది. తీగలు కలిపి మీట నొక్కాను. లోపల ఒక్కసారి కరకరమంది, ఆగిపోయింది. తెలిసినవాళ్లకు చూపించాను, లోపలి డిస్కు తుప్పు పట్టిందన్నారు. బావ గీసిన నక్షా ఒక్కటి కూడా చేతికి రాలేదు.

అది విని అక్క అంది. “రాసియ్యుమని నేనే గదనే సంపుకతిన్న. రాసియ్యక మంచిగనే జేసిండు.” అని మళ్లీ చాట దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆ మాట బావ బతికుండగా అనివుంటే అని నాకనిపించింది గానీ, అక్కకు చెప్పలేదు. అక్క కూడా ఇప్పుడు లేదు.

ఇప్పుడు నా ఫోన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ దానంతటదే కొత్తదవుతుంది. నన్ను ఎవరూ బిల్లు అడగరు, పాతది ఎక్కడని అడగరు. ఏది నాదో, ఏది వాళ్లదో నాకూ తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించదు. అశోక్ చౌక్ వెనక మా సందులో సగం ఇళ్లు చేతులు మారాయి. మగ్గాలు తూకానికి పోయాయి. మా వాళ్లు కొందరు ఇక్కడ కుంభారికి వచ్చారు, కొందరు ఎక్కడెక్కడికో పోయారు. ఈ కాలనీలో సాయంత్రం పూట నేను బయట కూర్చుంటే, పలకరించేవాళ్లకు నేను ఫలానా ఆవిడనని తెలుసు గానీ, మా అక్కావాళ్ల ఇంటికి ఒకప్పుడు ఏం పేరు ఉండేదో తెలియదు. ఆ పేరు మాసిపోవాలని నేను ఎన్ని దేవుళ్లకు మొక్కుకున్నానో! మాసిపోయింది. అంతమందిలో ఇప్పుడు మా బావను దొంగ అనేవాళ్లు ఒక్కరూ లేరు. దొంగ కాడని చెబుదామంటే, అసలు ఆయన ఎవరని అడుగుతున్నారు.